పందెపు బాట లేని పట్టణం: పుదుచ్చేరిలో మోటారు వాహనాభిమానం

మోటారు వాహనం మీద జీవితకాలం నిలిచే మమకారం భారతదేశంలో రెండు దారులు పట్టింది. ఖాళీగా పడివున్న విమానపు బాటల మీదనో, పనిగట్టుకొని వేసిన రేస్ ట్రాక్‌ల మీదనో బండిని దాని శక్తి ఉన్నంత మేరకు తరిమి, సెకనులో పదోవంతు కోసం ఏళ్ల తరబడి శ్రమించేవారిది మొదటి దారి. తయారీ ఎప్పుడో ఆగిపోయి విడిభాగాలు దొరకని బండిని విప్పి, తుడిచి, మళ్లీ బిగించి, అది కార్ఖానా నుంచి వెలువడిన నాటి రూపంలోనే రోడ్డు మీద నడిపించాలని తపించేవారిది రెండో దారి. పుదుచ్చేరి పట్టణానికి దక్కినది ఈ రెండోదే. మోటారు పందెం పుట్టింది ఫ్రాన్సులో. ఆ ఫ్రాన్సు పాలన 1954 దాకా సాగింది ఈ ఊరిలో. అయినా పట్టణంలో మోటారు పందేల కోసం ఒక ట్రాక్ వెలియలేదు. ఈ వైచిత్రికి కారణాలు పాలకుల అభిరుచిలో కంటే ఊరి కొలతల్లోనూ, దాని చుట్టూ గీసిన సరిహద్దుల్లోనూ, స్వతంత్ర భారతదేశపు దిగుమతి విధానంలోనూ ఎక్కువగా కనిపిస్తాయి.

మోటారు రాకముందు కూడా ఈ పట్టణంలో వాహనం హోదాకు గుర్తుగానే నడిచింది. 1736 నుంచి 1761 వరకు సాగిన దినచర్యతో చరిత్రకారులకు ప్రధాన ఆధారమై నిలిచిన ఆనందరంగ పిళ్ళై, అంటే గవర్నర్ డూప్లే కాలంలో ముఖ్య దుబాసీగా వ్యవహరించిన వ్యక్తి, పల్లకిలో మేళతాళాలతో గవర్నరు భవనపు ఆవరణలోకి ప్రవేశించే ప్రత్యేక గౌరవాన్ని పొందినవాడు. పల్లకి ఎవరు ఎక్కవచ్చు, ఎక్కడి దాకా ఎక్కి పోవచ్చు, ఎక్కడ దిగి నడవాలి అన్న విషయాలు ఆనాటి అధికార మర్యాదలో భాగాలు. తెలుగు పాఠకులకు ఈ పిళ్ళై మరో విధంగా పరిచితుడు; కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందమనే లక్షణగ్రంథం ఆయన పేరు మీదనే వెలసింది. నేటికీ పట్టణంలో ఆయన మేడ నిలిచివుంది, రంగపిళ్ళై వీధి ఆయన పేరుతోనే పిలువబడుతున్నది.

పల్లకి తరువాత ఫ్రెంచి అధికారులూ, సంపన్న వర్తకులూ ఎక్కి తిరిగిన బండి పేరు పూస్‌పూస్. ఫ్రెంచి భాషలో తోయి తోయి అన్న అర్థమిచ్చే ఈ వాహనంలో చక్రాల మీద అమర్చిన ఆసనం, ముందు చక్రాన్ని మళ్లించేందుకు కూర్చున్నవారి చేతికి అందే పొడవైన కడ్డీ, వెనుక నుంచి తోసే మనుషులు ఉండేవారు. ఇతర ఆసియా నగరాల రిక్షాను మనిషి ముందు నిలిచి లాగేవాడు కనుక దారి ఎంచుకునేదీ, మలుపు తిప్పేదీ అతడే. పుదుచ్చేరి పూస్‌పూస్‌లో మాత్రం శ్రమ సేవకుడిది, దిశ యజమానిది. తాను స్వయంగా వాహనాన్ని నడిపిస్తున్నానన్న తృప్తిని చెమట చుక్క రాలకుండా పొందే ఏర్పాటు ఇది. వలసపాలన స్వభావాన్ని ఇంత సూటిగా చూపించే యంత్రం మరొకటి అరుదు. మోటారు కారులో ఆ తృప్తి మిగిలింది, తోసే మనిషి స్థానంలో ఇంజను వచ్చింది. పుదుచ్చేరి ప్రభుత్వ మ్యూజియంలో పల్లకితోనూ, గుర్రపు బండ్లతోనూ పాటు పూస్‌పూస్ కూడా నేడు ప్రదర్శనలో ఉంది.

1879లో విల్లుపురం నుంచి మీటర్‌గేజ్ రైలుమార్గం పట్టణానికి చేరింది. ఆ పట్టాలు రెండు ప్రభుత్వాల భూభాగాల గుండా సాగాయి. వాటి మీద రైలు పోయినంత సాఫీగా రోడ్డు మీద వాహనం పోవడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది.

పట్టణపు కొలతలను గమనిస్తే పందెం ఎందుకు కుదరలేదో కొంత అర్థమవుతుంది. 1761లో బ్రిటిష్ సేనలు కోటను, ఊరిని నేలమట్టం చేసిన తరువాత ఫ్రెంచివారు పాత వీధుల గళ్ల పద్ధతిలోనే, అంటే నిలువు, అడ్డ వీధులు లంబకోణాల్లో కలిసే పద్ధతిలోనే, పట్టణాన్ని తిరిగి కట్టారు. కూల్చిన కోటగోడల జాడ మీద అండాకారంలో చుట్టూ తిరిగే రహదారి, అంటే బులవార్డ్, ఏర్పడింది. ఆ అండం లోపల ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి పోగలిగినంతే. నడుమ ఒక పెద్ద కాలువ ఫ్రెంచివారి పేటను తమిళుల పేట నుంచి వేరుచేస్తుంది. రూ డ్యూమా, రూ సఫ్రెన్ వంటి వీధుల్లో మోటారు బండి మూడో గేరులోకి పోయేలోపే తరువాతి కూడలి ఎదురవుతుంది. సముద్రతీరపు వీధి ఒక్కటే నిటారుగా సుమారు కిలోమీటరున్నర సాగుతుంది; నేడు గౌబర్ అవెన్యూ అని పిలిచే ఆ వీధిలో ప్రతి సాయంత్రం వాహనాలను ఆపేసి, నడిచేవారికి వదిలిపెట్టడం ఆనవాయితీ. ఊరు తనకున్న ఒకే ఒక్క తిన్నని రోడ్డును వేగానికి ఇవ్వకుండా షికారుకు ఇచ్చింది.

సరిహద్దుల సంగతి ఇంతకంటే చిక్కైనది. పుదుచ్చేరి భూభాగం ఒకే ముక్క కాదు. బాహూరు, మన్నాడిపట్టు వంటి కొమ్యూన్లు, అంటే ఫ్రెంచి పద్ధతిలో ఏర్పడిన స్థానిక పాలనా విభాగాలు, నాటి బ్రిటిష్ జిల్లా నేలతో అల్లుకుపోయి ఉండేవి, నేటికీ తమిళనాడు నేలతో అలాగే అల్లుకుని ఉన్నాయి. పట్టణం దాటి కొద్ది కిలోమీటర్లు పోయేసరికి వాహనం ఒక ప్రభుత్వపు నేల నుంచి మరో ప్రభుత్వపు నేలకూ, మళ్లీ వెనక్కూ మారుతుంటుంది. 1941లో బ్రిటిష్ ఇండియాతో కుదిరిన సుంకాల ఒప్పందం 1949లో ముగిసిన తరువాత భారత ప్రభుత్వం ఈ సరిహద్దు పొడవునా సుంకపు కాపలా పెట్టింది. 1954లో రాకపోకల మీదా, సరుకుల మీదా ఆంక్షలు బిగిశాయి. ఆ ఏడాది అక్టోబరు 18న కీళూరులో ప్రజాప్రతినిధుల ఓటింగు జరిగి, నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. ఒప్పందపు ధ్రువీకరణ ముగిసి చట్టబద్ధమైన విలీనం 1962 ఆగస్టు 16న జరిగింది. చెక్‌పోస్టు నుంచి చెక్‌పోస్టుకు ప్రయాణించవలసిన నేల మీద దూరపు పరుగు పందెం ఊహకు కూడా అందేది కాదు.

ఫ్రాన్సులో మాత్రం ఇదే కాలంలో రోడ్డే పందెపు రంగం. 1894 జులైలో పారిస్ నుంచి రూఆన్ వరకు 126 కిలోమీటర్ల మేర జరిగిన పోటీని మోటారు పందేల చరిత్రకు ఆరంభంగా లెక్కిస్తారు. 1895లో పారిస్ నుంచి బోర్డో వెళ్లి తిరిగివచ్చే పందెంలో మిషెలిన్ సోదరులు గాలి నింపిన టైర్లతో కారు నడిపి, రబ్బరు టైరు భవిష్యత్తును లోకానికి చూపారు. మోటార్ సైకిల్ క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్యకు పునాది 1904లో పారిస్‌లోనే పడింది. 1906లో లమాన్ దగ్గర మొదటి గ్రాండ్‌ప్రీ, 1922లో ఇరవైనాలుగు గంటల బోల్‌దోర్ పందెం మొదలయ్యాయి. ఈ ఉత్సాహంలో పుదుచ్చేరికి చేరినది పేరు మాత్రమే. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక లోతు నీటిలో లంగరు వేసుకునే తీరమిది. కారుతో సహా సరుకంతా చిన్న పడవల మీదా, 1860ల్లో కట్టిన ఇనుప పియర్ మీదా దిగవలసిందే. ఆ పియర్ 1952 తుఫానుకు కూలిపోయింది.

పందెం దక్షిణ భారతదేశంలో వేళ్లూనుకున్నది మద్రాసులో. 1903లోనే సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ అక్కడ ఆవిరి కారు తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధం కోసం వేసి, యుద్ధం ముగిశాక వదిలేసిన విమానపు బాట ఒకటి నెల్లూరు వైపు పోయే ఉత్తరపు పెద్దరోడ్డుకు దగ్గరగా షోళవరంలో ఉండేది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ బాట మీద పందేలు మొదలుపెట్టింది. ఒక కోటలాంటి ప్రేక్షక మందిరం గానీ, రక్షణ గోడలు గానీ లేని ఆ కాంక్రీటు పలకల మీద ఏడాదికొకసారి జరిగే పోటీలకు వేలాది జనం కూడేవారు. విదేశీ రేసు కార్లు ఒకటీ అరా వచ్చినా, అసలు సందడి ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ వంటి ఇంటి కార్లను సొంత షెడ్డుల్లో మార్చుకొని తెచ్చినవారిది. మోటార్ సైకిళ్లలో బుల్లెట్, జావా, రాజ్‌దూత్, తరువాతి కాలంలో యమహాలు, సుజుకీలు తలపడేవి. 1990లో క్లబ్బు శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టైలో తన సొంత ట్రాకును ప్రారంభించడంతో షోళవరపు శకం ముగిసింది. క్లబ్బు పుట్టిన మరుసటి ఏడే పుదుచ్చేరి భారతదేశంలో కలిసింది గనుక, ఆ ఊరి మోటారు ప్రియులకు పందెమంటే చూడడానికైనా, పాల్గొనడానికైనా మద్రాసు దాటి పోవలసిన వ్యవహారంగానే స్థిరపడింది.

ఈ చరిత్రలో తెలుగువారి వాటా వెతికితే కోయంబత్తూరు దగ్గర ఆగవలసి వస్తుంది. ఆ ఊరి సమీపంలోని కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు యవ్వనంలో ఒక ఆంగ్ల అధికారి నడిపే మోటార్ సైకిల్ చూసి ముగ్ధుడై, హోటల్లో కొలువు చేసి కూడబెట్టిన సొమ్ముతో ఆ బండినే కొని, పూర్తిగా విప్పి మళ్లీ బిగించి దాని మర్మం నేర్చుకున్నాడు. 1920లో పొల్లాచ్చి పళనిల మధ్య ఒకే బస్సుతో ఆరంభించిన వ్యాపారం పెద్ద రవాణా సంస్థగా ఎదిగింది. ఆయన కుటుంబం వారు 2015లో కోయంబత్తూరులో తెరిచిన జీడీ కార్ మ్యూజియం దక్షిణాదిలో పాత కార్లకు దక్కిన గౌరవప్రదమైన గూడు. అదే ఊరికి చెందిన ఎస్. కరివర్ధన్ 1980ల చివర మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చు రేసు కారును రూపొందించి పందేన్ని సామాన్య ఔత్సాహికుల అందుబాటులోకి తెచ్చాడు. 1995లో విమాన ప్రమాదంలో మరణించిన ఆయన పేరుతోనే కోయంబత్తూరు శివారులో కరి మోటార్ స్పీడ్‌వే వెలిసింది. 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన తొలి భారతీయుడు నరేన్ కార్తికేయన్ కూడా ఆ ఊరివాడే; అతడు 1992లో శిక్షణ పొందినది ఫ్రాన్సులోని విన్‌ఫీల్డ్ రేసింగ్ స్కూల్లో. ఫ్రెంచి పందెపు విద్య భారతదేశానికి వచ్చిన దారి పుదుచ్చేరి మీదుగా సాగలేదు.

అయితే యంత్రాన్ని ఓపికగా బాగుచేసుకునే విద్యకు ఈ పట్టణంలో పందెం కంటే పాత పునాది ఉంది. పారిస్‌లోని ప్రతిష్ఠాత్మకమైన ఎకోల్ పాలిటెక్నిక్‌లో చదివిన ఇంజనీరు ఫిలిప్ బార్బియే సెంటిలేర్ 1925 డిసెంబరులో శ్రీ అరవిందుల సన్నిధికి చేరి, పవిత్ర అన్న పేరుతో 1969లో మరణించేవరకు ఇక్కడే ఉండిపోయాడు. శ్రీ అరవింద ఆశ్రమపు తొలి వర్క్‌షాపును నిలబెట్టినది ఆయనే. 1930ల చివర చెక్ వాస్తుశిల్పి ఆంటోనిన్ రేమండ్ రూపకల్పనలో ఆశ్రమ నివాసభవనం గోల్కొండ నిర్మాణం మొదలైంది. హైదరాబాద్ సంస్థానపు సర్ అక్బర్ హైదరీ చొరవతో అందిన విరాళం వల్లనే ఆ భవనానికి తెలుగు నేల మీది కోట పేరు దక్కింది. ఆ కట్టడానికి కావలసిన లోహపు అమరికలను బజారులో కొనకుండా తామే తయారుచేసుకోవడానికి ఉదార్ పింటో ఆధ్వర్యంలో హార్పగాన్ వర్క్‌షాపు పనిచేసింది. దొరకని భాగాన్ని దిగుమతి కోసం ఎదురుచూడకుండా లేతు మిషన్ మీద సొంతంగా చెక్కుకోవడమన్నది ఈ ఊరిలో ఇలా అలవాటుగా కుదురుకుంది. పాత బండ్ల పునరుద్ధరణకు అసలు పెట్టుబడి ఆ అలవాటే.

ఆ అలవాటును అవసరంగా మార్చినది దేశపు పారిశ్రామిక విధానం. 1953లో టారిఫ్ కమిషన్ సిఫార్సుల మేరకు, దేశంలో పూర్తిస్థాయి తయారీకి ప్రణాళిక లేని విదేశీ కంపెనీలు విడిభాగాలు తెచ్చి కార్లు బిగించే పనిని మానుకోవలసి వచ్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ తప్పుకున్నాయి. ఆ తరువాత మూడు దశాబ్దాలపాటు కొత్త కారు కొనడమంటే అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి రెండు మూడు రకాల నడుమ ఎంచుకొని, పేరు నమోదు చేసుకొని ఏళ్ల తరబడి వేచివుండడమే. అందుచేత ఇంట్లో ఉన్న పాత కారును పారవేయడం ఎవరి తరమూ కాలేదు. 1970ల ఆరంభంలో పాతకాలపు కార్ల ఎగుమతిని ప్రభుత్వం నిషేధించడంతో విదేశీ సేకర్తలకు అమ్ముడుపోవలసినవి కూడా కొన్ని దేశంలోనే మిగిలాయి. పరిరక్షణను కోరి ఎంచుకున్నవారి కంటే, గత్యంతరం లేక మొదలుపెట్టి క్రమంగా ప్రేమలో పడినవారే ఈ దేశంలో ఎక్కువ.

ద్విచక్ర వాహనాల విషయంలో పుదుచ్చేరికి మద్రాసు సామీప్యం కలిసివచ్చింది. 1950ల ఆరంభంలో భారత సైన్యం 350 సీసీ బుల్లెట్లను ఎనిమిది వందల వరకు కోరడంతో, ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించాయి. తిరువొత్తియూరు కార్ఖానాలో తయారీ మొదలైంది. ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీ 1970కల్లా ఆగిపోయినా మద్రాసు బుల్లెట్ ఆగలేదు. పైగా 1977 నుంచి ఐరోపాకు ఎగుమతి కూడా మొదలైంది. 1968 ఫిబ్రవరి 28న పట్టణానికి ఉత్తరాన ఎర్రమట్టి మిట్ట మీద ఆరోవిల్ స్థాపన జరిగి, ఐరోపావాసులు అక్కడ స్థిరపడసాగినప్పుడు, తమ దేశాల్లో చరిత్రగా మారిన యంత్రం ఇక్కడ షోరూంలో కొత్తగా అమ్ముడుపోవడాన్ని వారు చూశారు. బుల్లెట్ పట్ల ఈ ప్రాంతంలో కనిపించే అభిమానానికి రెండు వేర్లు ఉన్నాయి. స్థానికులకు అది పోలీసు, సైనిక హోదా గల దిట్టమైన బండి. పరదేశికి అది తన తాతల కాలం నుంచి బతికివచ్చిన బండి. గ్రీవ్స్ కంపెనీ డీజిల్ ఇంజను అమర్చిన టారస్ అనే రకం కూడా ఒక కాలంలో వచ్చింది. నడకలో మందకొడి, శబ్దంలో నీటిపంపు, మైలేజీలో సాటిలేనిది.

పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేయడం ఒక క్రమశిక్షణ. ఇంజను లోపలి పిస్టన్ సరైన స్థానానికి వచ్చిందీ లేనిదీ హెడ్‌లైటు పైన అమర్చిన ఆమీటరు ముల్లు తెలుపుతుంది. కిక్కరును మెల్లగా నొక్కుతూ ముల్లు నడిమికి రాగానే ఆపి, డీకంప్రెసర్ అనే చిన్న మీటను లాగి సిలిండరులో బిగుసుకున్న గాలిని వదిలి, పిస్టన్‌ను కొద్దిగా దాటించి, అప్పుడు మీట వదిలి బలంగా ఒక్క కిక్కు కొట్టాలి. తొందరపడినవారి కాలిని కిక్కరు వెనక్కి తన్నుతుంది. గేరు ఎడమ కాలికి కాక కుడి కాలికి ఉండడం, నేరుగా న్యూట్రల్‌కు చేర్చే అదనపు మీట ఉండడం కొత్తవారిని తికమకపెడతాయి. నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య ఎడం మిల్లీమీటరులో మూడోవంతుకు కాస్త పైన ఉండాలి. అది చెడితే బండి దగ్గుతుంది, వేడెక్కుతుంది, ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. మైసూరులో 1960 నుంచి 1996 దాకా జావా, యెజ్డీ పేర్లతో వచ్చిన బండ్లకు వేరే మర్మాలున్నాయి. జావాలో కిక్కరూ గేరూ ఒకే మీట. స్టార్ట్ చేశాక దాన్ని ముందుకు తిప్పితే గేరుగా పనిచేస్తుంది. ఇవన్నీ టూ-స్ట్రోక్ బండ్లు, అంటే పిస్టన్ రెండు కదలికల్లోనే ఒక చక్రం పూర్తిచేసే ఇంజన్లు; తేలికగా ఉండి చురుకైన శక్తినిస్తాయి, బదులుగా నీలిపొగ వదులుతాయి. 1983 తరువాత వచ్చిన రాజ్‌దూత్ 350, 1985లో వచ్చి 1996 దాకా సాగిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఆ కుటుంబంలోవే. ఆర్‌ఎక్స్ 100 పరిమాణంలో చిన్నది, పికప్‌లో పెద్దది. పందెపు బాట చూడని యువకులు పందెపు రుచి చూసినది దాని మీదనే. ఉద్గార నియమాలు కఠినమయ్యాక టూ-స్ట్రోక్ మోటార్ సైకిల్ తయారీ ఆగిపోయింది, ఆ బండ్ల ధర పెరిగింది.

ఫ్రాన్సుకూ తెలుగు నేలకూ మధ్య కుదిరిన ఒక మోటారు బంధం ఇక్కడ స్మరణీయం. పారిస్ శివారుకు చెందిన మోటోబెకాన్ కంపెనీ 1949లో మొబిలెట్ అనే మోపెడ్‌ను, అంటే తొక్కుడు పెడళ్లూ చిన్న ఇంజనూ రెండూ ఉన్న తేలికపాటి బండిని, తీసుకువచ్చింది. అదే కంపెనీ సహకారంతో తిరుపతిలోని మోపెడ్స్ ఇండియా లిమిటెడ్ సువేగ పేరుతో ఆ బండిని తయారుచేసింది. గేర్లు లేవు, ఇంధనం అయిపోతే తొక్కుకుంటూ ఇంటికి చేరవచ్చు; బడిపంతుళ్లూ, చిన్న వర్తకులూ, పాలవారూ దాన్ని నమ్ముకున్నారు. 1980లో హోసూరు నుంచి టీవీఎస్ 50, మరోవైపు లూనా విస్తరించడంతో సువేగ వెనుకబడి కనుమరుగైంది. ఫ్రెంచివారి పట్టణమైన పుదుచ్చేరికి దక్కని ఫ్రెంచి మోటారు పరిశ్రమ తిరుపతికి దక్కడం చరిత్ర చేసిన చమత్కారం. బుల్లెట్ మీద వందల పేజీలు రాసుకున్న అభిమానులు సువేగను పట్టించుకోకపోవడం మాత్రం అన్యాయం. సామాన్యుడిని మోసిన బండికి సేకర్తల గదిలో చోటు ఇంకా చిన్నదే.

పుదుచ్చేరిలో పాత బండిని కాపాడేవారి అసలు శత్రువు ఉప్పుగాలి. సముద్రం నుంచి రోజంతా వీచే తేమలోని ఉప్పు ఇనుము మీద పేరుకొని, క్రోమియం పూత కింద సన్నని బొడిపెలుగా మొదలై, కొన్ని నెలల్లో మడ్‌గార్డును తినేస్తుంది. చక్రపు ఊచలు, సైలెన్సరు అతుకులు, పెట్రోలు ట్యాంకు లోపలి గోడలు ముందుగా పోతాయి. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి తేమ తుప్పుగా మారి కార్బురేటరు దాకా దిగి, సన్నని రంధ్రాలను మూసేస్తుంది. అందువల్ల ఇక్కడి అనుభవజ్ఞులు బండిని కప్పి దాచడం కంటే వారానికొకసారైనా నడపడం మేలంటారు, గాలి ఆడని గుడ్డ కప్పితే తేమ లోపలే నిలుస్తుందంటారు, వాన తరువాత మంచినీటితో కడిగి నూనె గుడ్డతో తుడవడం తప్పనిసరి అంటారు. ఇవి ఎండ పొడి ఎక్కువగా ఉండే హైదరాబాద్ సేకర్తకు అంతగా అవసరం లేని జాగ్రత్తలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరు చేసి, 1911లో మరణించడం వల్ల ఎక్కలేకపోయిన పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సింహాసనపు కారు నేటికీ చౌమహల్లా ప్యాలెస్‌లో మెరుస్తూ ఉండడానికి పునరుద్ధరణ నిపుణులతోపాటు దక్కను వాతావరణం కూడా తోడ్పడివుంటుంది.

1990ల చివర మెరుగుపరచి 2002లో టోల్ రోడ్డుగా మారిన తూర్పుతీర రహదారి, జనం నోట ఈసీఆర్, పుదుచ్చేరి వాహనాభిమానాన్ని మలుపు తిప్పింది. చెన్నై నుంచి సుమారు 150 కిలోమీటర్ల ఈ తీరపు దారి వారాంతపు బైకర్లకు యాత్రామార్గమైంది, చెన్నై సేకర్తలు తమ పాత కార్లను ర్యాలీగా నడుపుకుంటూ వచ్చి ఫ్రెంచి పేట భవనాల ముందు నిలిపే ఆనవాయితీ ఏర్పడింది. ర్యాలీ వేరు, పందెం వేరు. ర్యాలీలో నిర్ణీత సమయానికి నిర్ణీత దూరం బండి చెక్కుచెదరకుండా చేరడమే గొప్ప. ఈసీఆర్ మీద శక్తివంతమైన బండ్లతో వేగపు పోటీలకు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు. ప్రభుత్వ అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేయడం 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను కింద శిక్షార్హం. అనుమతితో, రక్షణతో నగరపు రోడ్డు మీద పందెం ఎలా ఉంటుందో 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీ చూపింది; విద్యుత్ కార్ల ఆ పందెంలో గెలిచినవాడు ఫ్రెంచి డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్. అంతటి ఏర్పాటుకు పుదుచ్చేరి వీధులు చాలవు, చాలకపోవడమే మంచిది కూడా.

పాత కారు అన్న మాటకు అభిమానుల లోకంలో పరిభాష ఉంది. బ్రిటిష్ సంప్రదాయంలో 1919 నుంచి 1930 వరకు తయారైనవి వింటేజ్. రెండో ప్రపంచయుద్ధానంతరపు కార్లను స్థూలంగా క్లాసిక్ అంటారు. 1966లో ఏర్పడిన పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య కనీసం 30 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా, రోజువారీ ప్రయాణానికి వాడనిదాన్ని చారిత్రక వాహనంగా పరిగణిస్తుంది. భారత ప్రభుత్వం 2021 జులైలో తెచ్చిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలోనే ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల సొంత వాహనాలు వింటేజ్‌గా నమోదుకు అర్హమైనవి. వాటి నంబరులో రాష్ట్ర సంకేతం తరువాత వీఏ అక్షరాలు వస్తాయి, కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పునర్నమోదుకు 5,000 రూపాయలు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతులకూ తప్ప వీటిని మామూలు రాకపోకలకు వాడకూడదు. ఈ లెక్కన 1970ల తొలినాళ్ల బుల్లెట్లు, జావాలు ఇప్పటికే ఆ గడప దాటాయి.

పుదుచ్చేరి నమోదు సంకేతమైన పీవైకి మరో రకం కీర్తి కూడా దక్కింది. పొరుగు రాష్ట్రాల కంటే ఇక్కడ వాహనపన్ను తక్కువ కావడంతో ఖరీదైన విదేశీ కార్లను స్థానిక చిరునామాలు చూపి ఇక్కడ నమోదు చేయించడం, 2017లో కేరళలో దాని మీద కేసులు నడవడం పత్రికల్లో పెద్ద వార్తలయ్యాయి. పన్ను మిగుల్చుకోవడానికి తగిలించిన పీవై పలకకూ, యాభై ఏళ్లుగా ఒకే ఇంట్లో నిలిచిన బండి మీది పీవై పలకకూ పోలిక లేదు. పట్టణపు మోటారు చరిత్రకు ఆధారం రెండోదే.

ఆ ఆధారాన్ని నమోదుచేసే పని ఇంకా సక్రమంగా జరగలేదు. పాత భవనాల విషయంలో వారసత్వ పరిరక్షణకు పనిచేసే ఇన్‌టాక్ సంస్థ జాబితాలు తయారుచేసింది, 2014 నవంబరులో కూలిన మేరీ భవనాన్ని, అంటే ఫ్రెంచి కాలపు పురపాలక భవనాన్ని, అదే నమూనాలో తిరిగి కట్టించి 2021లో తెరిచారు. ఆ భవనాల వాకిళ్లలో నిలిచిన వాహనాలకు మాత్రం అటువంటి జాబితా అవసరమన్న ఆలోచన బలపడలేదు. పూస్‌పూస్‌ను ప్రదర్శించిన ప్రభుత్వ మ్యూజియం దాని పక్కన ఒక తొలితరం తిరువొత్తియూరు బుల్లెట్‌నూ, ఒక తిరుపతి సువేగనూ నిలబెడితే పట్టణపు రవాణా కథ మోటారు యుగం దాకా సాగుతుంది. పుదుచ్చేరి నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, అదే పాలన కింద పీవై 04 సంకేతంతో నమోదులు సాగుతున్న తెలుగు పట్టణం యానాంకూ ఈ పనిలో భాగముంది. పుదుచ్చేరిలోనూ యానాంలోనూ ఇంట పాత బండి ఉన్నవారు, బండి అమ్మినా కనీసం దాని పాత ఆర్‌సీ పుస్తకాన్ని, కొన్న రసీదును, ఇంటి ముందు తీయించుకున్న ఫొటోను పారవేయకుండా ఉంచాలి. ఇప్పటికే నమోదైన వాహనం 2021 నియమాల కింద వింటేజ్ గుర్తింపు కోరాలంటే దరఖాస్తుతో జతచేయవలసిన పత్రాల్లో పాత ఆర్‌సీ ఒకటి.